కొత్త బాల్ పైథాన్ తినట్లేదా, ఒంటి మీద నల్ల చుక్కలు కనిపిస్తున్నాయా: ముందు దాని పెట్టె చూడండి

పోయినేడు మార్చిలో మా అమ్మాయి పుట్టినరోజుకి బాల్ పైథాన్ అనే చిన్న జాతి కొండచిలువ పిల్లని తెచ్చాం. మేముండేది డల్లాస్ పక్కన, ఇక్కడ పాములూ బల్లులూ అమ్మే రెప్టైల్ ఎక్స్‌పోలు పెడుతూ ఉంటారు, పెద్ద హాల్లో వరసగా టేబుళ్ళు, వాటి మీద పెరుగు డబ్బాల్లాంటి ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కోదాంట్లో ఒక్కో పాము. ఇది తల లోపలికి పెట్టేసుకుని గుండ్రంగా చుట్టుకుని ఉంది, మా అమ్మాయి చూసి అచ్చం లడ్డూలా ఉంది అంది, పేరు అదే అయిపోయింది. ఇంటికొచ్చాక కిచెన్ స్కేల్ మీద పెడితే 92 గ్రాములు. ఆ తర్వాత 26 రోజులు అది ఏమీ తినలేదు, ఈలోపు 17వ రోజున కంటి చుట్టూ మైట్స్, అంటే రక్తం తాగే చిన్న పురుగులు, కనిపించాయి.

మనవాళ్ళ పిల్లలు కూడా ఈ మధ్య పాములు అడుగుతున్నారు, తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు కూడా, ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పే బదులు అంతా ఒక్కచోట రాసి పెడుతున్నా. ముందే ఒక్క మాట. పాము తినకపోయినా, మైట్స్ పట్టినా, మన చెయ్యి నేరుగా పాము మీదికే వెళ్తుంది, తీసి చూడ్డం, మూతి దగ్గర ఎలుకని ఆడించడం, స్నానాలు చేయించడం. రెండిట్లోనూ అసలు పని ఉండేది పెట్టెలో. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది, మీకు ముందే తెలిస్తే పాముకి మేలు.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళకి: మన కొండచిలువ, అంటే ఇండియన్ రాక్ పైథాన్, వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, దాన్ని పట్టుకున్నా ఇంట్లో పెంచినా నేరం. బాల్ పైథాన్ ఆఫ్రికా జాతి కానీ అది కూడా సైటీస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాల్సిందే. కాగితాలు లేకుండా ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అమెరికాలో కూడా రాష్ట్రాన్ని బట్టి, సిటీని బట్టి, ఒక్కోసారి అపార్ట్‌మెంట్ లీజుని బట్టి రూల్స్ మారతాయి, తెచ్చుకోకముందే చూసుకోండి.

ఇంకోటి, ఇది రెండు మూడేళ్ళ సరదా కాదు. బాగా చూసుకుంటే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. సెయింట్ లూయీ జూలో అయితే 60 ఏళ్ళు దాటిన బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. మీ పిల్ల కాలేజీకి వెళ్ళిపోయాక కూడా ఎలుకలు కరిగించి పెట్టేది మీరే.

దానికి పుట్ట కావాలి

ఈ పాము సొంతూరు పశ్చిమ ఆఫ్రికా, ఘనా, టోగో, బెనిన్ అటు వైపు. అక్కడ పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దూరి ఉంటుంది, చీకటి పడ్డాక బయటికొస్తుంది. మన ఊళ్ళల్లో పాము ఎక్కడుంటుందంటే పుట్టలో అంటాం కదా, దీనికీ అంతే, పుట్ట లేకపోతే మనసు కుదుటపడదు. మనసు కుదుటపడకపోతే తినదు. మేం మొదట పెట్టింది పెద్ద గాజు అక్వేరియం, నాలుగు వైపులా అద్దం, పైన జాలీ మూత, లోపల అందంగా ఒక చెట్టుకొమ్మ, ఒకే ఒక్క సగం కొబ్బరిచిప్ప. మాకు చూడ్డానికి బాగుంది, దానికి మాత్రం నడిబజార్లో నిలబెట్టినట్టే.

కావాల్సినవి ఇవి. దూరడానికి కనీసం రెండు పుట్టలు, అంటే లోపల దాక్కునే చిన్న గూళ్ళు, ఒకటి వెచ్చగా ఉండే వైపు, ఒకటి చల్లగా ఉండే వైపు, లేకపోతే దాక్కోవాలా వెచ్చగా ఉండాలా అని రెండిట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. అవి ఇరుగ్గా ఉండాలి, చుట్టుకుని కూర్చుంటే ఒళ్ళు నాలుగు వైపులా ఆనాలి, మనకి పాపం ఇరుకేమో అనిపిస్తే అదే సరైన సైజు. వెచ్చటి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి వైపు 76 నుంచి 80. హీట్ మ్యాట్ గానీ బల్బ్ గానీ థర్మోస్టాట్ లేకుండా పెట్టొద్దు, ఒంటికి కింద నుంచి కాలుతున్నా అది కదలకుండా కూర్చుంటుంది, పొట్ట పొలుసులు కాలిపోతాయి. తేమ 55 నుంచి 70 శాతం మధ్య. చలికాలంలో ఇంట్లో హీటర్ వేస్తే గాలి ఎండిపోయి తేమ 30కి పడిపోతుంది, జాలీ మూత మీద సగానికి పైగా ఫాయిల్ కప్పేస్తే చాలావరకు నిలబడుతుంది. గాజు పెట్టె అయితే మూడు వైపులా నల్ల కాగితం అతికించండి, ఖర్చు లేని పని, మా లడ్డూలో మొదటి మార్పు అది అతికించిన రెండో రోజే చూశాం, రాత్రి బయటికొచ్చి పెట్టంతా తిరిగింది.

మొదటి వారం దాన్ని ముట్టుకోకండి. నీళ్ళు మార్చడం, రెట్ట ఉంటే తీసేయడం, అంతే. కొత్త వాసన, కొత్త చప్పుళ్ళు, అన్నీ కొత్తే దానికి. పిల్లలకి ఇది కష్టం, తెలుసు, మా అమ్మాయి స్నేహితులందరూ వరసపెట్టి వచ్చారు చూడ్డానికి, మొదటి మూడు రోజుల్లోనే ఆరుసార్లు బయటికి తీశాం. మీరలా చేయొద్దు. ఐదు నుంచి ఏడు రోజులు వదిలేసి, ఆ తర్వాత మొదటి భోజనం.

మా అమ్మ నాగుల చవితి రోజుల్లో ఊరి నుంచి ఫోన్ చేసి దానికి పాలు పోస్తున్నారా అని అడిగింది. పాలు పోయకండి. పాముకి కావాల్సింది నీళ్ళే, శుభ్రమైన గిన్నె, ఒళ్ళంతా పట్టేంత వెడల్పు, బోల్తా పడనంత బరువు.

ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి

కొనేటప్పుడే అమ్మేవాళ్ళని మూడు ప్రశ్నలు అడగాలి: ఇది మౌస్ (చిట్టెలుక) తింటోందా ర్యాట్ (పెద్ద ఎలుక) తింటోందా, బతికున్నదా ఫ్రోజెనా, చివరిసారి ఎప్పుడు తింది. మేం మూడోది మాత్రమే అడిగాం. ఇంటికొచ్చి ఫ్రోజెన్ ర్యాట్ పెడుతూ వచ్చాం, తర్వాత మెసేజ్ పెట్టి అడిగితే తెలిసింది అది అప్పటిదాకా బతికున్న మౌసే తినేదని. దానికి మేం పెట్టింది ఆహారమని కూడా తెలియలేదు పాపం.

సైజుకి ఒక లెక్క ఉంది. పిల్ల పాముకి దాని బరువులో 10 నుంచి 15 శాతం, వారానికొకసారి. 92 గ్రాముల పిల్లకి అంటే 9 నుంచి 14 గ్రాముల మధ్య, ర్యాట్ పప్ (ఎలుక పిల్ల) అని అమ్మేదాంట్లో చిన్నది సరిపోతుంది. ప్యాకెట్ మీద పేరు చూసి కొనొద్దు, ఒక షాప్‌లో పప్ అన్నది ఇంకో షాప్‌లో ఫజ్జీ అవుతుంది, తూకం వేసుకోండి. తూకం వీలుకాకపోతే చూపుతోనే, పాము ఒళ్ళు ఎక్కడ బాగా లావుగా ఉందో అంత లావు లేదా కాస్త తక్కువ. పాము 500 గ్రాములు దాటాక పది పదిహేను రోజులకొకసారి, పెద్దదయ్యాక బరువులో 5 శాతం చొప్పున రెండు మూడు వారాలకొకసారి చాలు. పాపం ఆకలేస్తుందేమో అని పెద్ద పాముకి వారం వారం పెడితే కొవ్వు పట్టి లివర్ పాడవుతుంది.

ఫ్రోజెనే ఎందుకంటారా, బతికున్న ఎలుక కరుస్తుంది. ఆకలి లేని పాము ముందు ఎలుకని వదిలేసి మనం నిద్రపోతే అది రాత్రంతా పాముని కొరికేయగలదు, వెన్నెముక దాకా కొరికిన కేసులున్నాయి. పైగా దానితో పాటు వేరే రోగాలు, పురుగులు కూడా రావొచ్చు. ఏదైనా మొండి పాము బతికున్నదే తింటానంటే మీరు పక్కనే కూర్చోండి, పదిహేను నిమిషాల్లో పట్టకపోతే తీసేయండి.

ఫ్రీజర్ సంగతి కూడా చెప్పాలి. మా ఆవిడ వంటింటి ఫ్రీజర్లో ఎలుకలు పెట్టనివ్వనంది, అది న్యాయమే, కూరలూ పచ్చళ్ళూ ఉండేచోట పెట్టకూడదు కూడా, సాల్మొనెల్లా ఉంటుంది. గ్యారేజ్‌లో చిన్న ఫ్రీజర్ పెట్టుకున్నాం. ఎలుకని ముట్టుకున్నా పాముని ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే, ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలుంటే పాము జోలికి వాళ్ళని రానివ్వకండి.

కరిగించే పద్ధతి: ముందురోజు రాత్రి జిప్‌లాక్ కవర్లో పెట్టి, మన తిండి సామాన్లు లేని ఫ్రిజ్‌లో వేరే డబ్బాలో ఉంచండి. మర్నాడు సాయంత్రం కవర్‌తో సహా గోరువెచ్చటి నీళ్ళలో, తర్వాత చెయ్యి పెడితే కాస్త చురుక్కుమనే వేడి నీళ్ళలో. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, ఒకచోట ఉడికిపోయి ఒకచోట గడ్డగా ఉంటుంది, పొట్ట పగిలిపోతుంది కూడా. వేళ్ళతో పొట్ట నొక్కి చూడండి, లోపల గట్టిగా చల్లగా తగిలితే ఇంకా కాలేదని. చివరగా తల వైపు మాత్రం హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టండి, టెంపరేచర్ గన్ ఉంటే 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర చూపించాలి. ఎందుకు తలే అంటే, బాల్ పైథాన్ పై పెదవి వెంబడి చిన్న చిన్న గుంటలుంటాయి, వాటితో అది వేడిని పసిగడుతుంది, చీకట్లో దానికి ఎలుక కనిపించేది ఆ వేడి వల్లే. చల్లారిపోయిన ఎలుక దానికి వాసన వచ్చే వస్తువు మాత్రమే.

పెట్టాల్సింది చీకటి పడ్డాక, గదిలో లైట్ తీసేసి, పొడుగాటి పట్టకారుతో. ఎలుక నడుము దగ్గర పట్టుకుని, పాము పుట్టలోంచి తల బయటికి పెట్టి నాలుక ఆడిస్తున్నప్పుడు దాని ముందు నుంచి మెల్లగా అడ్డంగా నడిచిపోతున్నట్టు కదపండి. మూతికి గుచ్చొద్దు. అది మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాక్కుంటే రెండు రకాలు: నాలుక నెమ్మదిగా ఆడుతూ చూపు ఎలుక మీదే ఉంటే కొట్టబోతోందని, తల మొత్తం వెనక్కి తిప్పి దాచుకుంటే భయపడుతోందని. కొట్టి చుట్టేశాక మీరు కదలకండి, మాట్లాడకండి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోండి. మా లడ్డూ మొదటిసారి పట్టినప్పుడు మేం సంతోషంతో అరిచేశాం, వెంటనే వదిలేసింది, మళ్ళీ ఆరు రోజులు ఆగాల్సి వచ్చింది.

పట్టకపోతే పదినిమిషాలకి మించి ప్రయత్నించొద్దు. ఎలుకని చిన్న పేపర్ ప్లేట్‌లో పుట్ట గుమ్మం దగ్గర పెట్టి పొద్దున్నే చూడండి, చాలా పిల్లలు ఎవరూ లేనప్పుడే తింటాయి. తినకపోతే పారేయాలి, మళ్ళీ ఫ్రీజ్ చేయకూడదు. తర్వాతి ప్రయత్నం కనీసం ఐదు రోజుల తర్వాతే, రోజూ పెట్టి చూస్తే ఇంకా బెదిరిపోతుంది. తినడానికి వేరే డబ్బాలోకి మార్చే అలవాటు చాలామందికుంది, అక్కర్లేదు, తిన్న పాముని ఎత్తి మళ్ళీ పెట్టెలో వేసే కదిలింపుకే కక్కేయొచ్చు.

తిన్నాక 48 గంటలు ముట్టుకోవద్దు. కక్కేస్తే మాత్రం గాభరాగా మళ్ళీ పెట్టేయకండి, కడుపులో ఆమ్లం, గొంతు అన్నీ దెబ్బతిని ఉంటాయి, రెండు వారాలు ఆగి మామూలు సైజులో సగం పెట్టండి, ఈలోపు వెచ్చటి వైపు టెంపరేచర్ ఎంతుందో కొలవండి, ఎక్కువసార్లు కారణం అదే. రెండోసారి కూడా కక్కితే డాక్టర్ దగ్గరికి.

తినట్లేదు అంటే

ముందు కళ్ళు చూడండి. కళ్ళ మీద పాలపొర కమ్మినట్టు నీలంగా ఉంటే కుబుసం విడవబోతోందన్నమాట, ఆ వారం పది రోజులు చాలా పాములు తినవు, కుబుసం విడిచాక వాటంతట అవే తింటాయి. తర్వాత టెంపరేచర్, తేమ, పుట్టలు, పైన చెప్పినవన్నీ కొలిచి మరీ చూడండి, చేత్తో ముట్టుకుని వెచ్చగానే ఉందిలే అనుకోవద్దు. తర్వాత ఎలుక రకం. ర్యాట్ తినకపోతే మౌస్ ఇవ్వండి, లేదా ర్యాట్‌ని మౌస్ పడుకున్న పరుపు పొట్టులో పొర్లించి ఇవ్వండి, మా దానికి పనిచేసింది అదే. అసలు ఇవన్నీ సరిగ్గా ఉన్నా పెద్ద పాములు, ముఖ్యంగా మగవి, చలికాలంలో నెలల తరబడి మానేస్తాయి, ఆఫ్రికాలో కూడా అవి ఏడాదిలో కొన్ని నెలలు ఉపవాసమే.

ఇక్కడ మీకు దారి చూపించేది తూకం ఒక్కటే. వారానికొకసారి అదే స్కేల్ మీద, అదే డబ్బాలో తూచి తేదీతో రాసుకోండి. లడ్డూ 26 రోజుల్లో 92 నుంచి 87కి వచ్చింది, అప్పుడు నాకు నిద్ర పట్టలేదు గానీ లెక్క వేస్తే అది 5 శాతమే. 10 శాతం దాటి పోతే, లేదా వెన్నెముక గుడిసె కప్పులా పైకి తేలితే, నోట్లో జిగట, బుడగలు, శ్వాసలో గురక ఉంటే ఆలస్యం చేయొద్దు. నోరు తెరిచి బలవంతంగా తినిపించడం ఇంట్లో మీరు చేయకండి, ఆ పని చేయి తిరిగినవాళ్ళదే. పాముల్ని చూసే వెటర్నరీ డాక్టర్లు వేరే ఉంటారు, కుక్కల డాక్టర్లందరికీ తెలియదు, ఏఆర్ఏవీ (ARAV) అనే పాములు, కప్పల్లాంటివాటి డాక్టర్ల సంఘం వెబ్‌సైట్లో మీ ఊరి దగ్గరున్నవాళ్ళ పేర్లు దొరుకుతాయి, పాముని తెచ్చుకున్న రోజే ఆ నంబర్ ఫోన్లో వేసుకోండి.

ఇవన్నీ సరిచూసినా తినకపోతే ఇంకొక కారణం ఉంది, దాన్ని నేను చివర్లో గానీ చూడలేదు.

మైట్స్

16వ రోజు నుంచి లడ్డూ నీళ్ళ గిన్నెలో కూర్చోవడం మొదలుపెట్టింది. రాత్రంతా అందులోనే, పొద్దున్న కూడా అందులోనే, ముక్కు మాత్రం పైకి పెట్టుకుని. వేడెక్కువైందేమో అనుకుని థర్మోస్టాట్ రెండు డిగ్రీలు తగ్గించా. మర్నాడు నీళ్ళు మారుద్దామని గిన్నె తీస్తే అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు, మట్టేమో అనుకున్నా, తెల్ల పేపర్ టవల్ మీద ఒంపి వేలితో నలిపితే ఎర్రటి గీత పడింది. రక్తం. ఫోన్ టార్చ్ వేసి తల దగ్గరగా చూస్తే కంటి చుట్టూ, కన్ను పొలుసు కలిసే ఆ సన్నటి గాడిలో, కాటుక దిద్దినట్టు నల్లటి వలయం, చూస్తూ ఉండగానే ఆ కాటుకలో ఒక చుక్క నడిచింది.

గుర్తులు ఇవి: నీళ్ళలో ఎక్కువసేపు నానడం, కళ్ళ చుట్టూ, పెదవి గుంటల్లో, గడ్డం కింద గాడిలో నల్ల లేదా ముదురు ఎరుపు చుక్కలు, కొన్ని పొలుసులు లేచినట్టు ఉండటం, ఒంటి మీద బూడిద రాలినట్టు తెల్లటి పొడి, అది మైట్స్ రెట్ట. పాముని ఎత్తుకున్నాక మీ చేతుల మీద చుక్కలు పాకితే ఇంకేం చూడక్కర్లేదు. అయితే పెట్టెలో మట్టి మీద తెల్లగా గోధుమ రంగులో పాకే పురుగులన్నీ ఇవి కాదు, తడి మట్టిలో, కుళ్ళిన ఆకుల్లో స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న ఎగిరే పురుగులు, మామూలు మట్టి మైట్స్ ఉంటాయి, అవి పాము జోలికి రావు. పాము ఒంటి మీదే ఉంది, నల్లగా ఉంది, నలిపితే రక్తం వచ్చిందంటే అదే.

దీని శాస్త్రీయ నామం ఒఫియోనిసస్ నాట్రిసిస్. మన పశువులకి పట్టే గోమారి లాంటిదే అనుకోండి, కాకపోతే చాలా చిన్నది. దీని బతుకు తెలిస్తేనే దీన్ని వదిలించగలం. రక్తం తాగేటప్పుడే పాము మీద ఉంటుంది, తాగాక దిగిపోయి చీకటిగా తడిగా ఉండే సందుల్లో గుడ్లు పెడుతుంది, పెట్టె మూలల్లో, మూత గాడిలో, పుట్ట అడుగున, చెట్టుకొమ్మ బెరడు కింద. ఒక్క ఆడది జీవితకాలంలో 60 నుంచి 80 గుడ్లు పెట్టగలదు, గుడ్డు నుంచి పెద్దదవ్వడానికి మనం పాముకిచ్చే వెచ్చదనంలో రెండు నుంచి మూడు వారాలు చాలు. అంటే పాము మీద మీకు పది కనిపిస్తే పెట్టెలో వందలున్నట్టు లెక్క. పామునొక్కదాన్నీ కడిగి మళ్ళీ అదే పెట్టెలో పెడితే వాటికి మీరే అన్నం వడ్డించినట్టు. నేను మొదటి నాలుగు రోజులూ అదే చేశా.

వీటి వల్ల పాము రక్తం తగ్గి నీరసిస్తుంది, పిల్ల పాములు చచ్చిపోవచ్చు కూడా. ఒక పాము నుంచి ఇంకో పాముకి ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా మోస్తాయి. మనల్ని కూడా కుట్టి దద్దుర్లు తెప్పించగలవు కానీ మన మీద బతకలేవు. ఒళ్ళంతా దురదతో ఉన్న పాముకి తిండి ఎక్కడ గుర్తుంటుంది, 26 రోజుల ఉపవాసంలో చివరి పది రోజులకి కారణం ఇవేనని ఇప్పుడు అనుకుంటున్నా.

మాకు పనిచేసిన పద్ధతి చెప్తా. పాముని ఒక మూతున్న ప్లాస్టిక్ టబ్‌లోకి మార్చేశాం, గాలికి కన్నాలు, అడుగున తెల్ల పేపర్ టవల్స్, పుట్ట బదులు బోర్లించిన టిష్యూ డబ్బా, చిన్న నీళ్ళ గిన్నె, బయట అడుగున ఒక వైపు హీట్ మ్యాట్ థర్మోస్టాట్‌తో. అట్ట డబ్బా రెండు రోజులకొకసారి కవర్లో కట్టి పారేయడమే. ఆ టబ్‌ని సబ్బు నీళ్ళు పోసిన వెడల్పాటి ట్రేలో చిన్న దిమ్మెల మీద ఎత్తుగా పెట్టాం, మైట్స్ బయటికి పాకినా దాటలేవు. తెల్ల పేపర్ టవల్ వల్ల లాభం ఏంటంటే ఎన్ని రాలాయో రోజూ లెక్కపెట్టొచ్చు, మా అమ్మాయి నోట్‌బుక్‌లో రాసేది, మొదటి రోజు 40కి పైన, వారానికి 9, తర్వాత 2, 0, మళ్ళీ 3.

ఆ మళ్ళీ 3 ఉంది చూశారూ, చాలామంది ఓడిపోయేది అక్కడే. సున్నా రాగానే అయిపోయిందనుకుంటాం, అప్పుడే కొత్త గుడ్లు పొదుగుతాయి.

స్నానం: 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గోరువెచ్చటి నీళ్ళు, పాము మునిగేంత కానీ తల హాయిగా పైకి పెట్టుకునేంత, 20 నిమిషాలు, మీరు పక్కనే ఉండాలి. మైట్స్ మునిగిపోకుండా తల మీదికి పాకుతాయి, తడిపిన దూది పుల్లతో గడ్డం కిందా కంటి చుట్టూ మెల్లగా తుడవండి, కంటిని గుచ్చొద్దు. వారానికి రెండుసార్లు చాలు, రోజూ చేస్తే పాము అలిసిపోతుంది. స్నానంతోనే ఇవి పోతాయని మాత్రం అనుకోకండి, భారం తగ్గుతుంది అంతే.

ఇక పెట్టె. మట్టీ కొబ్బరిపీచూ మొత్తం పెద్ద కవర్లో కట్టి అప్పటికప్పుడే బయట చెత్తడబ్బాలో వేయండి, గ్యారేజ్‌లో పెట్టొద్దు. చెట్టుకొమ్మలు, కార్క్ బెరడు లాంటివి పారేయడమే మేలు, సందుల్లోంచి గుడ్లు తీయడం మన వల్ల కాదు. పెట్టె మూలలు, గాడులు వ్యాక్యూమ్ చేసి, బాగా కాగిన నీళ్ళతో గానీ స్టీమర్‌తో గానీ పట్టండి, గాజు మీద మాత్రం ఒక్కసారిగా మరిగే నీళ్ళు పోయకండి, పగిలిపోతుంది. పెట్టె పెట్టిన బల్ల, కింద కార్పెట్, అన్నీ వ్యాక్యూమ్ చేసి ఆ బ్యాగ్ కూడా బయటికి. పాముని ఎత్తుకున్నప్పుడు వేసుకున్న బట్టలు డ్రయ్యర్లో బాగా వేడి మీద.

మందు: పెర్మెత్రిన్‌తో చేసిన ప్రొవెంట్ ఎ మైట్ లాంటి స్ప్రే, పాముల పెట్టెల కోసమే తయారైనది వాడాం. పాము లేనప్పుడు, నీళ్ళ గిన్నె తీసేసి, గాలి ఆడేచోట, లేబుల్ మీద ఎంతసేపు కొట్టమంటే అంతే, పూర్తిగా ఆరి వాసన పోయాకే పాముని పెట్టాలి. తడి ఆరకముందే పెడితే విషమవుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే చాలా జాగ్రత్త, పెర్మెత్రిన్ పిల్లులకి ప్రాణాంతకం, చేపల తొట్టికీ అంతే. గుడ్ల మీద ఏ మందూ నమ్మకంగా పనిచేయదు కాబట్టి లేబుల్ ఒప్పుకున్నంత ఎడంలో మళ్ళీ కొట్టాలి. బక్కచిక్కి ఒంట్లో నీరు తగ్గిన పాముని మందు కొట్టిన పెట్టెలోకి మార్చకముందే డాక్టర్‌కి చూపించండి. మందు తర్వాత పాము వణికినా, తల ఊగినా, వెల్లకిలా తిప్పితే తిరిగి తిరగలేకపోయినా వెంటనే గోరువెచ్చటి నీళ్ళతో కడిగి ఆస్పత్రికి పరిగెత్తాలి. స్పైడర్ అనే మార్ఫ్‌కి (రంగు, చారల్ని బట్టి పెంచిన రకానికి) పుట్టుకతోనే తల ఊగుడు ఉంటుంది, అది వేరే సంగతి.

ఐవర్‌మెక్టిన్ డాక్టర్ ఇస్తేనే. ఆన్‌లైన్‌లో పశువుల మందు కొని కలుపుకోవద్దు, ఒక చుక్క తేడాతో ప్రాణం పోతుంది, ఇంట్లో తాబేలుంటే ఆ మందు దాని దరిదాపులకి కూడా రాకూడదు, తాబేళ్ళని చంపేస్తుంది. మనవాళ్ళు వెంటనే అడిగేవి కర్పూరం, కలరా ఉండలు, ఫినాయిల్, డెట్టాల్. మూసిన పెట్టెలో ఇవేవీ పెట్టొద్దు, ఆ ఆవిర్లు పాము ఊపిరితిత్తులకి మైట్స్ కంటే ప్రమాదం. వేపనూనె కూడా నేను పూయను, ఒంటికి పూసే నూనె పెట్టెలో గుడ్లని ఏం చేయగలదు.

మందులు వద్దనుకునేవాళ్ళకి మంచి దారి ఒకటుంది, స్ట్రాటియోలీలాప్స్ అని మైట్స్‌ని తినే మైట్స్. చిన్న గొట్టాల్లో పీట్ మట్టితో కలిపి అమ్ముతారు, పెట్టెలో చల్లేస్తే అవే సందుల్లోకి దూరి పాము మైట్స్‌ని తింటాయి, పాముని ముట్టుకోవు, తిండి అయిపోయాక వాటంతట అవే తగ్గిపోతాయి. మొక్కలు, మట్టి ఉన్న పెట్టెలకి ఇదే సరైనది. కాకపోతే అంతకుముందు స్ప్రే కొట్టి ఉంటే అవి కూడా చచ్చిపోతాయి, రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి.

మేం చివరి మైట్ చూసిన తేదీ నుంచి ఆరు వారాలు పేపర్ టవల్స్ మీదే ఉంచాం. ఈలోపు తిండి పెట్టొచ్చు, కాకపోతే స్నానం చేయించిన రోజూ తర్వాతి రోజూ వద్దు, తిన్నాక రెండు రోజులు స్నానం వద్దు. లడ్డూ ఆ టిష్యూ డబ్బాలోంచే, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఒక రాత్రి, మౌస్ వాసన పట్టించిన పది గ్రాముల ర్యాట్ పప్‌ని పట్టింది. ఈసారి ఎవరం అరవలేదు.

ఇంట్లో ఇంకో పాము ఉంటే కొత్తదాన్ని వేరే గదిలో 60 నుంచి 90 రోజులు పేపర్ టవల్స్ మీదే పెట్టండి, రోజూ ముందు పాతదాని పని చేసి తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్ళండి, పట్టకారు, గిన్నెలు దేనివి దానికే. ఎక్స్‌పోకి వెళ్ళొచ్చి పదిమంది పాముల్ని ఎత్తుకున్న బట్టలతో ఇంట్లో పాము దగ్గరికి పోకండి, ముందు స్నానం.

లడ్డూ ఇప్పుడు 610 గ్రాములు. ఆదివారం నీళ్ళు మార్చేటప్పుడు గిన్నె అడుగున మిగిలిన నీళ్ళని ఇప్పటికీ తెల్ల పేపర్ టవల్ మీద ఒంపి టార్చ్ వేసి చూస్తాం, మా అమ్మాయి ఆ నోట్‌బుక్‌లో తేదీ వేసి పక్కన సున్నా రాస్తుంది.